మేకుల వైరుకి నల్ల పొడి కలపాలా? సబ్బు, సున్నం, గ్రాఫైట్, మాలీ సంగతులు

తమ్ముడూ, నువ్వడిగింది ఇదీ. బొబ్బిలి గ్రోత్ సెంటర్లో మేకుల యూనిట్ నడుపుతున్నావు. విశాఖ ఉక్కు 5.5 మి.మీ. రాడ్‌ని 2.5 మి.మీ. వైరుగా లాగుతున్నావు. ఎండాకాలమంతా బాగానే నడిచింది. వానలు పట్టాక వైరు మీద పొడుగు గీతలు పడుతున్నాయి, డైలు (వైరుని సన్నగా లాగే రంధ్రపు అచ్చులు) తొందరగా అరిగిపోతున్నాయి, డైకి ముందుండే సోప్ బాక్సులో సబ్బు పొడి ఉండలు కడుతోంది. సరుకు అమ్మే ఆయనేమో "సబ్బు పొడిలో గ్రాఫైట్ గాని మాలీ గాని కలుపు, అన్నీ సర్దుకుంటాయి" అన్నాడు. మాలీ అంటే మాలిబ్డినం డైసల్ఫైడ్ అనే నల్ల పొడి. ఏది కలపాలి, ఎంత కలపాలి? పనిలో పనిగా మీ బాబాయి గారి స్టీలు గిన్నెల ప్రెస్సుకి కూడా అదే పొడి పనికొస్తుందా?

ముందు జవాబు చెప్పేస్తాను. మేకుల వైరుకి ఆ రెండూ అక్కర్లేదు. నీ దగ్గర ఇప్పటికే ఉన్న సబ్బు పొడే గట్టి లూబ్రికెంటు. అది వైరుకి అంటుకోవడం లేదు, అంతే. అంటుకోని పొడిలో ఇంకో పొడి కలిపితే అదీ అంటుకోదు. నల్లబడ్డ చేతులు, పెరిగిన బిల్లు, ఈ రెండే మిగులుతాయి.

ఎందుకో చెప్తాను. 5.5 నుంచి 2.5కి వచ్చేసరికి వైరు అడ్డుకోత వైశాల్యం దాదాపు 79 శాతం తగ్గుతుంది. ఒక్కో డైలో 20 శాతం చొప్పున తీస్తే 7 డైలు కావాలి. ప్రతి డైలోనూ వైరు పైతోలు సాగి, కొత్త లోహం బయటపడుతుంది. ఆ కొత్త లోహం మీద ఏ మురికీ, ఏ తుప్పూ, ఏ నూనే లేదు. డై గోడకి తగిలిందంటే అతుక్కుపోతుంది. మామూలు నూనె ఆ ఒత్తిడికి నిలవదు, పక్కలకి పారిపోతుంది. సబ్బు పొడి అలా కాదు. డై నోట్లో ఒత్తిడికీ వేడికీ మెత్తబడి, చిక్కటి ముద్దలా మారి వైరుతో పాటు లోపలికి దూరుతుంది, సాగుతున్న తోలు మీద తనూ సాగుతుంది. డై దాటాక మళ్ళీ గట్టిపడి తర్వాతి డైకి పొరగా ఉపయోగపడుతుంది. కాబట్టి బస్తాలో ఏ పొడి ఉందన్నది కాదు లెక్క. డై నోట్లోకి ఎంత పొడి దూరింది, ఎంత పొర బయటికొచ్చింది, అదీ చూడాల్సింది.

సబ్బు దానంతటదే నున్నటి వైరుని పట్టుకోదు. దానికి కింద గరుకుగా, పొడిగా ఒక అస్తరు కావాలి. సున్నం, బోరాక్స్ (వెలిగారం), ఫాస్ఫేటు వాడేది అందుకే. నువ్వు ఏది వాడుతున్నావో రాయలేదు. నా అనుమానం బోరాక్స్ మీద. ఆరబెట్టిన బోరాక్స్ పొర ఎండాకాలం చక్కగా నిలుస్తుంది. గాలిలో తేమ పెరిగితే అది నీటిని పీల్చుకుని, స్ఫటికంలో నీటి పాలు పెరిగి, వైరు మీద దాని పట్టు పోతుంది. లోపలి ఊళ్ళలో ఎండు గాలికి పనిచేసే కోటింగు మన విజయనగరం, శ్రీకాకుళం గాలికి ఆషాఢం నుంచి కార్తీకం దాకా పేచీ పెట్టడం మామూలే. బోరాక్సే అయితే, ఈ నాలుగు నెలలూ సున్నానికి మారు. లేదా కోటింగు వేసిన వైరు చుట్టని రోజుల తరబడి షెడ్డులో ఉంచకుండా, ఆరిన వెంటనే వేడి పూర్తిగా తగ్గకముందే లాగెయ్యి. సున్నం పాతకాలం సరుకని చిన్నచూపు చూడకు. వైరు మీద మిగిలిన యాసిడ్‌ని అది చంపుతుంది కూడా. ఒకటే షరతు: సున్నం తొట్టి మరిగేంత వేడిగా ఉండాలి, తీశాక వైరు పూర్తిగా ఆరాలి. తడి సున్నం మీద సబ్బు పట్టదు.

యాసిడ్ పికిలింగ్ (రాడ్ మీది నల్లపొట్టుని యాసిడ్‌లో ముంచి పోగొట్టడం) లేకుండా రోలర్ల మీద వంచి పొట్టు రాల్చే పద్ధతి అయితే ఇంకో సంగతి ఉంది. రాలని పొట్టు వైరుతో పాటు సోప్ బాక్సులోకి వెళ్తుంది. ఆ పొట్టు ఇనుప ఆక్సైడు, సబ్బు కంటే ఎన్నో రెట్లు గట్టిది. అది చేరిన సబ్బు ఇక లూబ్రికెంటు కాదు, సానపొడి. ఇది పరీక్ష చెయ్యడం చాలా సులువు. ఒక అయస్కాంతాన్ని పల్చటి కాగితంలో చుట్టి, మొదటి సోప్ బాక్సులో పొడి లోపల నాలుగైదుసార్లు తిప్పి బయటికి తియ్యి. కాగితం మీద నల్లటి నూగు దట్టంగా నిలబడితే నీ డైల అరుగుదలకి సగం కారణం అక్కడే దొరికినట్టు. కాగితం విప్పి నూగుని తెల్ల పళ్ళెంలో దులిపి, వేళ్ళ మధ్య నలిపి చూడు. సబ్బు జారుతుంది, పొట్టు గరగరమంటుంది. ఆ బాక్సు ఖాళీ చెయ్యి. పాత పొడిని జల్లెడ పట్టి మళ్ళీ పొయ్యకు, సన్నపొట్టు ఏ జల్లెడలోంచైనా దిగిపోతుంది. రోలర్ల తర్వాత తీగ బ్రష్ గాని, గాలి ఊదే నాజిల్ గాని పెట్టు.

ఇప్పుడు ఉండల సంగతి. సోప్ బాక్సులో పొడి ఉండ కట్టిందంటే వైరు దాని మధ్యలోంచి సొరంగం చేసుకుని పోతుంది. బాక్సు నిండా పొడి కనిపిస్తుంది, వైరుకి మాత్రం ఒక్క రేణువూ తగలదు. చాలామంది పనివాళ్ళు పైన పొడి చూసి "బోల్డుంది కదా" అని వెళ్ళిపోతారు. మూత తీసి చూడమను. వైరు పక్కన చేతివేలు పట్టేంత ఖాళీ ఉంటే అదే సొరంగం. చెయ్యి పెట్టి కాదు సుమా, మెషీన్ ఆపాకే చూడాలి. పొడిని కదిపే చిన్న ఏర్పాటు ఏదైనా పెడితే ఇది పోతుంది. వైరు కదలికతోనే తిరిగే మరలాంటివి చాలా మిల్లుల్లో ఉంటాయి.

ఆ తేమ ఎక్కడినుంచి వస్తుందో కూడా చూడు. అంతా వాన మీదకి నెట్టకు. డై హోల్డరు చుట్టూ చల్లనీళ్ళు తిరుగుతాయి కదా, రాత్రి మెషీన్ ఆపాక ఆ వాల్వు తెరిచే ఉంచితే ఇనుము చల్లబడి, తేమ గాలి దాని మీద మంచులా దిగుతుంది. పొద్దున్న వచ్చేసరికి బాక్సు గోడలు చెమ్మగా ఉంటాయి. షిఫ్ట్ అయిపోగానే వాల్వు కట్టెయ్యమను, పొడిని డబ్బాలోకి ఎత్తి మూత పెట్టమను. హోల్డరు వాషర్ దగ్గర చుక్క చుక్క కారుతున్నా ఇదే గతి. సబ్బు బస్తాలు నేల మీద కాకుండా చెక్కల మీద, గోడకి దూరంగా పెట్టాలి. తెరిచిన బస్తా మూతి కట్టాలి. సోడియం సబ్బు అయితే ఈ జాగ్రత్త రెట్టింపు, ఎందుకంటే అది తేమని బాగా లాగుతుంది. కాల్షియం సబ్బు నీటిలో కరగదు, తేమకి ఓర్చుకుంటుంది. మేకుల వైరుకి నాకు కాల్షియమే ఇష్టం. కానీ రేపు జింకు పూత వైరు కూడా చెయ్యాలనుకుంటే సోడియం వైపు ఆలోచించు. వేడి నీటిలో కడిగితే అది పోతుంది. కాల్షియం సబ్బు మచ్చలా మిగిలితే అక్కడ జింకు పట్టదు. ఇక సబ్బులో కొవ్వు శాతం ఎంత ఉందో అమ్మేవాణ్ణి అడుగు. సున్నం ఎక్కువ, కొవ్వు తక్కువ ఉన్న పొడి మందపు పొర వేస్తుంది, మొదటి డైలకి అది మేలు. చివరి డైలకి కొవ్వు ఎక్కువున్నది పెడితే వైరు మెరుపుగా వస్తుంది.

సబ్బు దూరుతోందా లేదా అన్నది డై వెనక నుంచి తెలుస్తుంది. మెషీన్ ఆపి, మొదటి డై దాటిన వైరు మీద గోటితో గీసి చూడు. ముదురు బూడిదరంగు పొర సన్నగా లేచి రావాలి. గోటికి ఏమీ రాకుండా వైరు తెల్లగా మెరుస్తుంటే, "ఆహా, ఎంత మెరుపు" అని సంబరపడకు. మొదటి డై దగ్గర మెరుపు అంటే లోహం లోహాన్ని రాసుకుంటోందనే అర్థం. డైని తీసి టార్చి వేసి లోపల చూడు. వైరు మొదట తగిలే చోట ఉంగరంలా గాడి పడి ఉంటుంది. ఆ ఉంగరం చుట్టూ సమానంగా ఉంటే లూబ్రికేషన్ మాట ఆలోచించు. ఒక్క పక్కే లోతుగా ఉంటే వైరు వంకరగా దూరుతోందన్నమాట, ప్రపంచంలో ఏ పొడీ దాన్ని బాగుచెయ్యదు. హోల్డరు సరిచెయ్యాలి.

ఇక ఆ నల్ల పొడుల దగ్గరికొద్దాం. వాటిని తక్కువ చెయ్యడం లేదు, వాటి చోట అవి రాజాలే.

గ్రాఫైటూ, మాలిబ్డినం డైసల్ఫైడూ రెండూ పొరలు పొరలుగా ఉండే పదార్థాలు. ఒక్కో పొరలో పరమాణువులు గట్టిగా పట్టుకుని ఉంటాయి, పొరకీ పొరకీ మధ్య పట్టు మాత్రం బలహీనం. కొత్త విస్తరాకుల కట్ట మీద చెయ్యి వేసి నెడితే పై ఆకులు జారిపోయినట్టు, నిలువుగా ఎంత బరువు పడినా పక్కకి సులువుగా జారతాయి. ఇంతవరకూ రెండూ ఒకటే. తేమ దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఎడమొహం పెడమొహం. గ్రాఫైట్ నున్నగా జారాలంటే గాలిలో కాస్త నీటి ఆవిరి ఉండాలి. ఇది రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో బయటపడింది. బాగా ఎత్తులో ఎగిరే విమానాల్లో జనరేటరు కార్బన్ బ్రష్‌లు చూస్తుండగానే పొడైపోయాయి, అక్కడ గాలిలో తేమ లేక. మాలీది దీనికి పూర్తిగా వ్యతిరేకం. తేమ లేనిచోట, శూన్యంలో దాని పనితనం అద్భుతం, అందుకే ఉపగ్రహాల భాగాల్లో వాడతారు. తేమ గాలిలో దాని ఘర్షణ పెరుగుతుంది, మెల్లగా ఆక్సైడ్ అవుతుంది కూడా. అంచేత మన తీరంలో వానాకాలపు జబ్బుకి మాలీ మందు చెప్పాడంటే ఆ అమ్మే ఆయనకి సరుకు గురించి తెలిసినదానికంటే నీ జేబు గురించి తెలిసినది ఎక్కువ. డై లోపల వేడి వంద డిగ్రీలు దాటి తేమ ఎగిరిపోతుంది కాబట్టి అక్కడ మాలీ పనిచేస్తుంది, నిజమే. స్టెయిన్‌లెస్ వైరు, స్ప్రింగుల హై కార్బన్ వైరు లాగేవాళ్ళు సబ్బులో కొద్దిగా కలిసివచ్చే రకం వాడతారు కూడా. మెత్తటి మేకుల వైరుకి ఆ అవసరం లేదు.

పైగా మిగిలిపోయిన నల్లపొర ఒక బెడద. మేకులు రంపపు పొట్టు వేసి డ్రమ్ములో తిప్పితే సబ్బు పోతుంది, గ్రాఫైటూ మాలీ అంత తేలిగ్గా పోవు. కొన్నవాడి చేతులు నల్లబడితే ఆ మేకులు మళ్ళీ కొనడు. గ్రాఫైట్‌కి ఇంకో దుర్గుణం ఉంది. అది కరెంటుని పంపుతుంది, ఇనుము కంటే తుప్పుకి దూరంగా ఉండే జాతి. చెమ్మలో ఇనుముని ఆనుకుని ఉంటే చిన్న బ్యాటరీలా పనిచేసి ఇనుముని తినేస్తుంది. సముద్రం గాలి తగిలే మన గోడౌన్లలో గ్రాఫైట్ మిగిలిన సరుకు మామూలు సరుకు కంటే ముందే తుప్పు పట్టడం చూస్తావు.

కల్తీ సంగతి కూడా చెప్పాలి. మాలీ ఖరీదైన దిగుమతి సరుకు, గ్రాఫైట్ చవక, రెండూ చూపుకి ఒకటే. వేల ఏళ్ళు జనం రెండిటినీ ఒకటే అనుకున్నారు. 1778లో షీలే అనే రసాయన శాస్త్రజ్ఞుడు అవి వేరు వేరని తేల్చాడు. నీకు ల్యాబ్ అక్కర్లేదు. మెరుగున్న తెల్ల పింగాణీ మీద రుద్దితే గ్రాఫైట్ నల్లటి గీత పెడుతుంది, మాలీ గీతలో పచ్చటి ఛాయ ఉంటుంది. ఆరుబయట పాత ఇనుప గరిటెలో చిటికెడు వేసి ఎర్రగా కాల్చితే మాలీ గంధకం ఘాటు కొడుతుంది, గ్రాఫైట్ ఏ వాసనా వెయ్యదు. ముక్కు దగ్గర పెట్టుకోకు.

గ్రాఫైట్‌లో అసలు చూడాల్సింది శుభ్రత. మన తూర్పు కనుమల్లో, సాలూరు వైపు కొండల్లో, ఖొండలైటు రాయి పగలగొడితే అందులో నల్లగా మెరిసే గ్రాఫైట్ రేకులు కనిపిస్తాయి. "మన దగ్గరే ఉంది కదా, పొడి కొట్టించి వాడుకుందాం" అని ఎవరైనా అంటారు. ఆ రాయిలోనే పలుగురాయి, గార్నెట్ కూడా ఉన్నాయి. గార్నెట్ అంటే మన శ్రీకాకుళం తీరం ఇసుకలో ఎర్రగా కనిపించేది, ఇనుము మీద తుప్పు గీకడానికి బ్లాస్టింగులో వాడేది. నున్న చేసేదీ గరుకు చేసేదీ ఒకే రాయిలో పక్కపక్కనే పుట్టాయన్నమాట. నురగ పద్ధతిలో వేరుచేసి, శుభ్రం చేసి, సన్నగా పొడి చేస్తేనే అది లూబ్రికెంటు అవుతుంది. కొనేటప్పుడు బూడిద శాతం అడుగు. కాల్చితే మిగిలేదంతా నీ డైకి శత్రువు.

మీ బాబాయి గారి గిన్నెల సంగతి వేరు. 304 స్టెయిన్‌లెస్ రేకు సాగినకొద్దీ గట్టిపడుతుంది, డైకి అతుక్కునే గుణం దానికి పుట్టుకతో ఉంది. అక్కడ నల్లపొడి కంటే రేకు మీద ప్లాస్టిక్ ఫిల్మ్ అంటించి లాగడం శుభ్రమైన పద్ధతి. అది కూడా గట్టి లూబ్రికెంటే, పొడి రూపంలో లేదంతే. ఫిల్మ్ డై వైపు ఉండాలి. చాలా షాపుల్లో చూస్తాను, గుండ్రంగా కోసిన రేకు బిళ్ళ మొత్తానికీ రెండువైపులా నూనె పూసేస్తారు, రేకుని డైలోకి నెట్టే పంచ్ ముక్కుకి కూడా. అది తప్పు. పంచ్‌కీ రేకుకీ మధ్య ఘర్షణ మనకి సాయం చేస్తుంది, మూల దగ్గర రేకు పల్చబడి చిరగకుండా పట్టుకుంటుంది. లూబ్రికెంటు కావాల్సింది డై అంచు మీద, బిళ్ళ అంచుని నొక్కిపట్టే బ్లాంక్ హోల్డరు కింద. మొదటి డ్రాలో (మొదటిసారి లాగినప్పుడు) బిళ్ళ వ్యాసం గిన్నె వ్యాసానికి రెట్టింపు దాటుతుంటే ఏం పూసినా చిరుగుతుంది, రెండు డ్రాలు చెయ్యాల్సిందే. గీతలు మరీ వేధిస్తే డై అంచుకి అల్యూమినియం బ్రాంజ్ రింగు వేయించమను, స్టెయిన్‌లెస్ దానికి అంతగా అతుక్కోదు. మధ్యలో కొలిమిలో కాల్చి మెత్తబరచాలంటే, ముందు రేకు మీద నూనె, గ్రాఫైట్, మాలీ ఏదున్నా పూర్తిగా కడగాలి. లేదంటే ఆ వేడికి కార్బనూ గంధకమూ లోహంలోకి దూరి, తర్వాత అక్కడే తుప్పు మచ్చలు లేస్తాయి. బుడితి వైపు ఇత్తడి సరుకు చేసేవాళ్ళెవరైనా ఇది చదువుతుంటే వాళ్ళకో మాట: గంధకం కలిసిన ప్రెస్ నూనెలు ఇత్తడిని నల్లబరుస్తాయి, కొనేముందు డబ్బా మీద చూసుకోండి.

గ్రాఫైట్ నిజంగా ఏలేది వేడి పనిలో. గునపాలు, గొడ్డళ్ళు, పారలు కొట్టే ఫోర్జింగ్ డైల మీద నీళ్ళలో కలిపిన సన్న గ్రాఫైట్ చల్లుతారు. డై వేడి సుమారు 150 నుంచి 250 డిగ్రీల మధ్య ఉంటే నీళ్ళు వెంటనే ఆవిరై గ్రాఫైట్ పొర అంటుకుంటుంది. డై మరీ కాలిపోతుంటే నీటి బొట్టు తన ఆవిరి మీద తనే తేలి జారిపోతుంది, పొర పట్టదు. అప్పుడు ఎక్కువ చల్లడం కాదు, డైని చల్లార్చడం పని. మరీ చల్లగా ఉంటే బురదలా మిగిలి, సరుకులో గుంటలు పడతాయి. ఏ పొడి ఎంత వేడికి ఆగుతుందో ఉజ్జాయింపుగా గుర్తుపెట్టుకో: టెఫ్లాన్ 260 డిగ్రీలు, గాలిలో మాలీ 350 నుంచి 400, గ్రాఫైట్ 450 నుంచి 500, తెల్లగా ఉండే బోరాన్ నైట్రైడ్ 900 దాకా. అంతకు మించి ఉక్కుని పైపులుగా తోసేవాళ్ళు ఏకంగా గాజుపొడి వాడతారు, కరిగిన గాజే అక్కడ లూబ్రికెంటు.

జాగ్రత్తలు కొన్ని. మనం వాడే కాల్షియం, సోడియం సబ్బుల (స్టియరేట్ల) ధూళి గాలిలో దట్టంగా లేస్తే నిప్పు అంటుకుంటుంది. మూసిన గదిలో కంప్రెసర్ గాలితో ఊడ్చనివ్వకు, వెల్డింగు దగ్గర బస్తాలు పెట్టకు. గ్రాఫైట్ ధూళి ప్యానెల్ బోర్డులో చేరితే కాంటాక్టర్ల మధ్య షార్ట్ అవుతుంది. టెఫ్లాన్ పొడి పట్టిన చేత్తో బీడీ ముట్టించి కాల్చితే ఆ పొగకి సాయంత్రానికి చలిజ్వరం వస్తుంది, పనివాళ్ళకి చేతులు కడుక్కోమని గట్టిగా చెప్పు. మోటారు బేరింగుల గ్రీజులో మిగిలిన మాలీ కలిపేద్దామని ఎవరైనా అంటే వద్దను. వేగంగా తిరిగే బేరింగుకి ఏ పొడీ పడదు.

ముందు అయస్కాంతం పరీక్ష చేసి, వాల్వు సంగతి చూసి, కోటింగు బోరాక్సా సున్నమా అన్నది రాయి. మొదటి డైలో ఉంగరం చుట్టూ ఉందా ఒక పక్కే ఉందా అన్నదీ, నిమిషానికి ఎన్ని మీటర్ల వేగంతో లాగుతున్నావన్నదీ కలిపి రాస్తే, ఏ సబ్బు ఎన్నో డైకి పెట్టాలో చెప్తాను. అందాకా ఆ మాలీ డబ్బా సీలు విప్పకు, సీలుంటేనే ఆయన వెనక్కి తీసుకుంటాడు.